ఫన్ అనే మాటకి అర్థం నేనే పెట్టాను

నేను కోతలు కోస్తానని మా వీధిలో పేరుంది. అది ఒట్టి అన్యాయం. కోతలు కోసేవాడికి తెలివుండాలి, నిన్న ఏం చెప్పాడో ఇవాళ గుర్తుండాలి. నాకా రెండూ లేవు. నాకున్నదల్లా ఒక నోరు, అది తెరుచుకున్నాక ఎక్కడ మూసుకోవాలో దానికి తెలీదు. ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చాఫీసులో కంపోజిటర్‌గా పనిచేశాను. అంటే గళ్ళపెట్టెలోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, చేతిలో పట్టే ఇనప స్టిక్కులో వరసగా పేర్చి లైన్లు కట్టడం. ఇప్పుడా పని లేదు, ఆ ఆఫీసూ లేదు, అది ఉన్నచోట పరుపులూ మంచాలూ అమ్ముతున్నారు. నా స్టిక్కుని మా ఆవిడ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. మనవరాలికి నా పని గురించి చెప్పబోతే, "అంటే టైపింగే కదా తాతయ్యా" అని మళ్ళీ ఫోను చూసుకుంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న మంగళవారం సాయంత్రం టీ కొట్టు దగ్గర నేనంతలా ఎందుకు రెచ్చిపోయానో మీకు తెలియాలి. ఆ కొట్టు పరుపుల షాపుకి ఎదురుగానే ఉంటుంది. నడిపేది మా చెల్లెమ్మ. తోడబుట్టింది కాదు, మా ఆఫీసులోనే బైండింగ్ గదిలో పనిచేసేది, నన్ను అన్నయ్యా అంటుంది. పక్క కొట్టు టైలరు మెడలో టేపుతో సహా వచ్చి కూర్చుంటాడు. నన్ను గురువుగారూ అని పిలుస్తాడు, ఆ పిలుపులో గౌరవం పాలు ఎంతో నేనెప్పుడూ ఆరా తీయలేదు. ఆ రోజు ఇంకొకరు కూడా వచ్చారు. మలుపులో ఉన్న బడికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరు, పాతికేళ్ళ పిల్ల, భుజాన పెద్ద సంచి.

"బాబాయ్ గారూ, ఇంగ్లీషు మాటలకి మన భాషలో అర్థాలిచ్చే నిఘంటువు ఒకటి మీరు అచ్చేశారట కదా. ఫన్ అనే మాట ఎలా పుట్టిందో మీకేమైనా తెలుసా? మా ఆరో క్లాసు పిల్లలు అడుగుతున్నారు" అంది.

నాకు తెలీదు. తెలీదని చెప్పి టీ తాగి ఇంటికి పోవాల్సింది. కానీ ఆ అమ్మాయి ఇంకో మాట కూడా అంది. శనివారం క్లాసుకి ఒక పెద్దమనిషిని పిలిచి, ఆయన చేసిన పని గురించి పిల్లలకి చెప్పించాలట. పోస్టుమాస్టరు గారిని అనుకుంటున్నారు గానీ ఇంకా ఖాయం చేయలేదట. దాచడమెందుకు, ఆ శనివారం నాకు కావాలనిపించింది. ముప్పై ఆరుమంది పిల్లల ముందు ఆ స్టిక్కు పట్టుకుని నిలబడి, ఇదిగో ఇలా పట్టుకుంటారు అని చెప్పాలనిపించింది. అంతలా అనిపించేసరికి నోరు తనంతట తానే తెరుచుకుంది.

"అమ్మా, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. చాలా చిన్న పని చేశాను. ఆ మాటకి ఒక్క లైను మార్చాను, అంతే."

"ఏ మాటకి గురువుగారూ?" అన్నాడు టైలరు.

"ఫన్‌కే. మా నిఘంటువుకి మాటలన్నీ చీటీల మీద వచ్చేవమ్మా. చీటీకో మాట. పండితుడు గారు రాసి పంపేవారు, మేం పేర్చేవాళ్ళం. ఎఫ్ అక్షరం మొత్తం నా వంతుకొచ్చింది. ఎందుకొచ్చిందంటే అది కష్టమైన అక్షరం, ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కాదు, సరే అది వదిలేయ్. ఒకరోజు ఫన్ చీటీ వచ్చింది. దాని మీద ఏం రాసుందో తెలుసా? మోసగించుట, వెర్రివాణ్ణి చేయుట అని రాసుంది."

నిజం చెప్తున్నా, అది అప్పటికప్పుడు నా నోటికొచ్చిన మాట. కానీ టీచరు ముందుకి వంగింది. "అవును బాబాయ్ గారూ, పాత అర్థం అదే. నేనూ చదివాను. వెర్రివాడు అనే అర్థంలో ఇంకా పాత మాట ఒకటుండేదట, బహుశా దాన్నుంచే ఇది వచ్చిందంటారు. మూడొందల ఏళ్ళ కిందట ఫన్ అంటే ఒకణ్ణి మాయచేసి బుట్టలో వేయడం. సరదా అనే అర్థం ఆ తర్వాతెప్పుడో వచ్చింది."

చీకట్లో విసిరిన రాయి తగిలిందన్నమాట. మామూలుగా నా అబద్ధాలకి ఎవరూ సాక్ష్యం చెప్పరు, ఇక్కడ చదువుకున్న పిల్ల వచ్చి చెప్తోంది. ఇక నన్ను పట్టేదెవరు.

"ఎప్పుడో అంటే ఎప్పుడని ఏ పుస్తకంలోనూ ఉండదమ్మా. నేను చెప్తా. బుధవారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక. చీటీ చేతిలో పట్టుకుని ఆలోచించాను. మూడే అక్షరాలు, పలికితే నోరు తేలిగ్గా ఉంది, ఇంత బుల్లి మాటకి ఇంత పాపిష్టి అర్థమేమిటి? ఎవరో దీనికి అన్యాయం చేశారు. అటూ ఇటూ చూశాను. మేనేజరు కునుకు తీస్తున్నాడు. మోసం తీసేసి సరదా అని పెట్టేశాను."

"పెట్టేస్తే ఊరుకున్నారా?" అన్నాడు టైలరు.

"అక్కడికే వస్తున్నా. ప్రూఫ్ ముందుగా హెడ్ ప్రూఫ్ రీడర్ దగ్గరికెళ్ళింది. ఆయన పుట్టాక నవ్వలేదు. పుట్టినప్పుడు ఏడ్చాడు, దాన్నే కొనసాగించాడు. ఆయన ఆ లైను చదివాడు. ఎడంవైపు పెదవి ఇంతే, ఇంతే కదిలింది. పక్కనున్నవాళ్ళు పక్షవాతమనుకుని డాక్టరుకి కబురుపెట్టారు. డాక్టరొచ్చి నాడి చూశాడు, పెదవి చూశాడు, చివరికి ఆ లైను చూశాడు. ఆ రోజు ఇంక ఆయన ఏ పేషెంటునీ చూళ్ళేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పుస్తకం బళ్ళకి వెళ్ళింది."

చెల్లెమ్మ గ్లాసులు కడుగుతూ, "వెళ్ళింది, అది మాత్రం నిజం" అంది. ఆ 'మాత్రం' నాకు వినపడింది గానీ పట్టించుకోలేదు.

"అప్పటిదాకా మనుషులకి సరదా లేదా గురువుగారూ?"

"ఎందుకు లేదు, ఉండేది. కానీ దానికి పేరు లేదు. పేరు తెలియని సరుకు నువ్వు కొట్టుకెళ్ళి ఏమని అడుగుతావు? పిల్లలకి పేరు తెలిసింది. తెలిసేసరికి ఇంటికెళ్ళి అడగడం మొదలెట్టారు. నాన్నా మనింట్లో ఫన్ ఉందా, లేకపోతే ఎందుకు లేదు, పక్కింట్లో ఉందా? తండ్రులు ఆఫీసులకెళ్ళి పై అధికారుల్ని అడిగారు. పై అధికారులు ఫైళ్ళన్నీ వెతికించారు. ఒక కోర్టులో అయితే జడ్జి గారు తీర్పు మధ్యలో ఆపి, ఇందులో ఫన్ ఏదీ అని అడిగారట. ఇద్దరు లాయర్లూ లేదని ఒప్పుకుని వాయిదా కోరారు. వీధి దీపాల మనిషి నిచ్చెనెక్కి, దిగడం మర్చిపోయి, రెండు రోజులు పైనే కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పాడు. ఇదంతా ఈ చేతులు చేసిన పని. నేను గొప్ప చెప్పుకోవట్లేదు."

"లేదు లేదు" అన్నాడు టైలరు.

టీచరు సంచిలోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఏదో రాసుకుంది. రాసుకుంటోందంటే నన్నే పిలుస్తుందన్నమాట అనుకున్నాను. పోస్టుమాస్టరు గారి మీద నాకు జాలి కూడా కలిగింది. పాపం, ఆయన దగ్గర ఏముంది, ఒక జిగురు సీసా, ఒక ముద్ర.

"ఇక అసలు సంగతి ఇప్పుడు చెప్తా. ఇంగ్లీషు వాళ్ళ దేశంలో ఆ మాట ఇంకా మోసం అనే అర్థంలోనే వాడుకుంటున్నారు. పాపం వాళ్ళకెవరు చెప్తారు? మా ఇంటికి రండి, ఫన్ ఉంటుంది అని పిలిస్తే చుట్టాలందరూ జేబులు గట్టిగా పట్టుకుని పారిపోయేవాళ్ళు. దేశం మొత్తం మీద పేరంటాలే లేకుండా పోయాయి. ఇలాంటి టైములో మన నిఘంటువు ఒకటి వాళ్ళ చేతికి చిక్కింది. చూశారు. తెల్లబోయారు. పదకొండుమంది ప్రొఫెసర్లు ఓడెక్కి వచ్చి మా అచ్చాఫీసు గుమ్మంలో టోపీలు తీసి నిలబడ్డారు."

"ఒక్క నిమిషం" అన్నాడు టైలరు. "అర్థం మారింది మూడొందల ఏళ్ళ కిందట అని టీచరమ్మ చెప్పారు కదా. మీ వయసెంత గురువుగారూ?"

"అప్పట్లో ఓడలు నెమ్మదిగా వచ్చేవి" అన్నాను.

ఇంత గడుసు సమాధానం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకే తెలీదు. దానికి నేనే మురిసిపోయి, ఇంకో మెట్టెక్కాను.

"వాళ్ళలో పెద్దాయన నా చేతులు పట్టుకున్నాడు. మా మాట మాకే తెలీకుండా పోయింది, మీరు దిద్దిపెట్టారు, ఆ అక్షరాలు మాకివ్వండి అన్నాడు. ఏం చేస్తాం, ఇంటికొచ్చిన మనిషిని కాదంటామా? ఎఫ్, యు, ఎన్, మూడు సీసపు ముక్కలూ పాత పేపర్లో పొట్లం కట్టి చేతిలో పెట్టాను. పొట్లం ఓడలోకి ఎక్కిందో లేదో, వంటవాడు నవ్వాడు. వాణ్ణి చూసి బొగ్గు వేసేవాళ్ళు నవ్వారు. వాళ్ళని చూసి కెప్టెన్ నవ్వుతూ చుక్కాని వదిలేశాడు. ఓడ తిన్నగా పోదే, సముద్రంలో మెలికలు తిరుగుతూ పోతోంది. ఇంతలో పెద్ద తిమింగలం. నోరు తెరిచి ఓడని అమాంతం మింగబోయింది. మింగబోతూ ఆ నవ్వులు విన్నదా, దానికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నోరెలా మూస్తుంది? ఓడ లోపలికెళ్ళి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, మర్యాదగా బయటికొచ్చింది. కావాలంటే ఇప్పటికీ చూడండి, తిమింగలానికి నోటి కొసలు పైకి ఉంటాయి."

టైలరు గ్లాసు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడ ఆగాల్సింది. తిమింగలం తర్వాత చెప్పడానికి ఏ మనిషికైనా ఏముంటుంది? కానీ నాకు శనివారం కళ్ళముందు కనపడుతోంది. బడికి కావలసింది తిమింగలం కాదు, నమ్మకస్తుడైన పనివాడు అనిపించింది. గొంతు కాస్త తగ్గించి, బాధ్యత గల మనిషిలా అన్నాను:

"అవన్నీ ఎలా ఉన్నా అమ్మా, పిల్లలకి చెప్పాల్సింది ఒక్కటే. పనంటే శ్రద్ధ. ఎఫ్ అక్షరం మొత్తం, రెండువందల పైచిలుకు పేజీలు, నా చేతులమీదుగా వెళ్ళింది. ఒక్క తప్పు పోలేదు. ఒక్కటంటే ఒక్కటి."

చెల్లెమ్మ చేతిలో గ్లాసుల చప్పుడు ఆగింది. టీచరు నోటు పుస్తకం మూసి, సంచిలో చెయ్యి పెట్టి, మట్టి రంగు అట్టతో లావాటి పుస్తకం బయటికి తీసింది. వీపు మీద చిరిగిన గుడ్డ, పక్కన లైబ్రరీ ముద్ర. ఆ గుడ్డ ఎక్కడ కొన్నారో కూడా నాకు తెలుసు.

"మా బడి బీరువాలో ఉంది బాబాయ్ గారూ" అంది. "మీ ఆఫీసు పేరు మొదటి పేజీలో చూసి వీధిలో అడిగితే, ఎఫ్ పేర్చింది మీరేనని ఈవిడ చెప్పారు. ఇందులో ఫన్ ఎదురుగా ఏముందంటే, అంత్యక్రియ, చనిపోయినవారిని సాగనంపుట. ఫ్యూనరల్ ఎదురుగా, సరదా, నవ్వులాట, అందరూ కలిసి ఉల్లాసంగా గడుపుట."

టైలరు నవ్వుకి బల్ల కదిలింది. నేను టీ వైపు చూశాను, రోడ్డు వైపు చూశాను, పరుపుల షాపు వైపు కూడా చూశాను. ఎవరూ నన్ను ఆదుకోలేదు.

ఒప్పుకోక తప్పలేదు. ఆ పేజీ ప్రూఫ్‌లో ఆ రెండు అర్థాల లైన్లలోనూ ఒక్కో అక్షరం దిద్దాల్సి వచ్చింది. రెండు లైన్లూ ఒకేసారి బయటికి తీశాను, దిద్దాను, తిరిగి పెట్టేటప్పుడు దీన్ని దాని చోట, దాన్ని దీని చోట పెట్టాను. పప్పులో కాలేశాను. ప్రూఫ్ మీద అప్పటికే సంతకమైపోయింది, మూడు వేల కాపీలూ అచ్చయిపోయాయి. మోసమని రాసిన చీటీ లేదు, పండితుడు గారు ఏ మాటకీ అన్యాయం చేయలేదు. ఉద్యోగం ఊడినంత పనైంది. మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది, తప్పు ఎవరిదో వాళ్ళే తప్పొప్పుల చీటీ అతికించాలి, ప్రతి కాపీలోనూ, వాళ్ళ పనైపోయాక. పదకొండు సాయంత్రాలు బైండింగ్ గదిలో కూర్చున్నాను. మా ఆవిడతో ఓవర్‌టైమని చెప్పాను.

"అయితేనేం, చీటీ అతికించాను కదమ్మా" అన్నాను. "తప్పు దిద్దుకున్నాను కదా."

టీచరు పుస్తకం నావైపు తిప్పి, తెరిచి పట్టుకుంది. ఆ పేజీ కింది అంచున, పసుపుపచ్చగా మాగిన చీటీ. నేను గడగడా చదివాను. "ఫన్, ఫ్యూనరల్ అను మాటల అర్థములు ఒకదాని చోట ఒకటి పడినవి, పాఠకులు సరిచూసుకొనవలెను. ఇదిగో, ఉంది కదా."

"గురువుగారూ, అదెలా చదివారు?" అన్నాడు టైలరు. వాడు మెడ పూర్తిగా వంచి, చెవి భుజానికి ఆనించి చూస్తున్నాడు.

అప్పుడు చూశాను. చీటీ తలకిందులుగా ఉంది.

నా తప్పు నాకు కనపడకపోవడానికి కారణముంది. కంపోజిటర్ కళ్ళవి. మా స్టిక్కులో అక్షరాలు ఎప్పుడూ తలకిందులుగానే ఉంటాయి, అలాగే చదువుతాం, అలాగే తప్పులు పట్టుకుంటాం. చీటీల కట్ట తిరగబడి ఉంటే ఇంకెవరికైనా చిరాకు పుడుతుంది. నాకు మాత్రం సొంత ఇంట్లో ఉన్నట్టుంటుంది. ముప్పై ఏళ్ళుగా ఈ సంగతి నాకు తెలీదు. తప్పుని తప్పుగా దిద్దానన్నమాట. సిగ్గేసింది, ఉత్తుత్తి సిగ్గు కాదు, చెవులు వేడెక్కాయి.

"పోస్టుమాస్టరు గారినే పిలువమ్మా" అన్నాను. "ఆయన స్టాంపులన్నీ తిన్నగానే అతికించి ఉంటారు."

"మీరే చెప్తారేమోనని ఇంతసేపూ చూశాను బాబాయ్ గారూ. మీరు ఓడెక్కించారు" అంది టీచరు. కోపంగా అనలేదు. "సోమవారం ఈ పుస్తకం క్లాసులో తెరిచాను. మా వాళ్ళు నోరు విప్పే రకం కాదు. నేనొచ్చి రెండు నెలలైంది, ముప్పై ఆరుమందిలో ఒక్కళ్ళు నవ్వితే ఒట్టు. ఒకమ్మాయి ఈ చీటీ చూసింది. పుస్తకం తిప్పింది, తిప్పితే పేజీ తలకిందులైంది. మెడ తిప్పింది. వెనక బెంచీ వాళ్ళొచ్చారు. ఒకడు బెంచీ మీద పడుకుని తల కిందికి వేలాడేసి చదివాడు. ఫన్ అంటే అంత్యక్రియ అని వాడు పైకి చదివేసరికి ఇంక క్లాసు నా చేతిలో లేదు. ఇద్దరికి ఎక్కిళ్ళొచ్చాయి. పక్క క్లాసు నుంచి హెడ్మిస్ట్రెస్ వచ్చి, ఆవిడా నవ్వి వెళ్ళారు. మేడమ్, ఈ మాట ఎలా పుట్టిందని అప్పుడడిగారు. ఇంకోటి కూడా అడిగారు, ఈ చీటీ ఎవరతికించారని. వాళ్ళకి ఆ మనిషి కావాలట శనివారం."

ముక్కు గట్టిగా చీదుకున్నాను. ఎక్కడో ఒక గదిలో ముప్పై ఆరుమంది పిల్లలు నా వల్ల నవ్వారు. ఓడ లేదు, ప్రొఫెసర్లు లేరు, కానీ నవ్వు నిజం. ఆ నిజాన్ని ఉన్నంతలో ఉంచి ఊరుకుంటే నేను నేనెలా అవుతాను?

"చూశావా టైలరూ" అన్నాను, గొంతు సర్దుకుని. "ఏ పనికైనా ముందుచూపుండాలి. ఆ రోజు అతికిస్తుంటే నాకు తట్టింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఒక క్లాసు ఉంటుంది, అందులో నవ్వని పిల్లలుంటారు, వాళ్ళ కోసం ఈ చీటీ తలకిందులుగానే ఉండాలి అని. మూడు వేల కాపీలు, పదకొండు సాయంత్రాలు, ఒక్కొక్కటీ ఈ రెండు చేతులతో..."

"నాలుగొందలు" అంది చెల్లెమ్మ.

పొయ్యి దగ్గర నిలబడి, గరిటెతో టీ తిప్పుతూ, మా వైపు చూడకుండానే అంది. "తలకిందులుగా ఉన్నవి నాలుగొందలు. అవే నువ్వతికించినవి. తిన్నగా ఉన్న రెండు వేల ఆరొందలూ నేనతికించాను. నువ్వు పదకొండు రోజులూ మాట్లాడుతూ కూర్చున్నావు అన్నయ్యా."

"నువ్వు చూశావా? అవి తిరగబడ్డాయని నీకు తెలుసా?" అన్నాను.

"మూడో రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే దానికో కథ చెప్తావు. ఇంకో సాయంత్రం పోతుంది. ఇంటిదగ్గర నాకు చంటిపిల్ల."

టీచరు లేచి వెళ్ళి చెల్లెమ్మ పక్కన నిలబడింది. "అమ్మా, శనివారం మీరు కూడా రావాలి. జిగురు ఎలా కలుపుతారో, చీటీ తిన్నగా ఎలా అతికిస్తారో పిల్లలకి చూపించాలి. బాబాయ్ గారు రెండోది ఎలా చేయకూడదో చూపిస్తారు" అంది. చెల్లెమ్మ ఆలోచించి, ఆ రోజు కొట్టు పన్నెండింటికి తెరుస్తాను, వస్తానంది.

టైలరు నావైపు చూశాడు. ఏదో ఒకటి అంటాననే చూశాడు. నేను చెల్లెమ్మ అప్పుడే పోసిచ్చిన గ్లాసందుకుని వెంటనే గుటక వేశాను, నాలుక కాలింది. ఇన్నేళ్ళుగా ఆ కొట్లో టీ తాగుతున్నాను, అది వేడిగా ఉంటుందని ఆ రోజే తెలిసింది.